ఆటకి వీపు తిప్పిన కిటికీ

బెర్ని పంట్లాం మోకాళ్ళకి పట్టిన ఎర్రమట్టి ఒకపట్టాన వదిలే రకం కాదు. లోరెట్టా దాన్ని సింకు అంచు మీద పరిచి, సబ్బు రాసి, పాతబడిన పళ్ళ బ్రష్షుతో కుట్ల సందుల్లోకి పోనిచ్చి రుద్దుతోంది. చొక్కా అప్పుడే ఉతికి తీగ మీద వేసింది. దాని వీపు మీద 'పెట్రాక్ రొట్టెల దుకాణం' అని పెద్ద పెద్ద అక్షరాలు, ఎందుకంటే ఆ జట్టుకి చొక్కాలు కుట్టించింది రొట్టెల పెట్రాకే. మా ఊళ్ళో పిల్లల బేస్‌బాల్ జట్లన్నిటికీ ఇలాంటి పేర్లే. మందుల కొట్టు వాళ్ళది ఒకటి, ఫైర్ స్టేషన్ వాళ్ళది ఒకటి. అన్నిట్లోకీ గట్టి జట్టు శవపేటికల మోరన్‌ది. వీపు మీద 'మోరన్ అండ్ సన్స్, అంతిమ సేవలు' అని రాసుకున్న పిల్లలు నవ్వుకుంటూ మైదానంలోకి పరిగెత్తుకొస్తుంటే అవతలి జట్టుకి సగం ధైర్యం అక్కడే జారిపోయేది.

బెర్ని వంటింటి బల్ల దగ్గర కూర్చుని పాలల్లో బిస్కెట్లు ముంచుకుని తింటోంది. పన్నెండేళ్ళ పిల్ల. పొడుగు కాళ్ళు, పొదుపు మాటలు. పెట్రాక్ జట్టులో బంతి వేసేది తనే. ఊళ్ళో ఆడపిల్లల్ని ఆటలోకి రానిచ్చి ఎన్నాళ్ళో కాలేదు. అందులో బంతి వేసే దిబ్బ ఎక్కిన మొదటి ఆడపిల్ల అదే.

"అమ్మా, ఒకటడుగుతాను. కోప్పడకూడదు మరి."

"అడుగు."

"నా బంతిని అవతలివాళ్ళు చితక్కొట్టినప్పుడల్లా నువ్వు ఈల వేస్తావెందుకు?"

బ్రష్షు ఆగిపోయింది.

"నేనా? ఎప్పుడేశానే?"

"ప్రతిసారీ. టక్కుమని బంతి లేస్తుందా, జనం హోరుమంటారా, వెంటనే తిండి కొట్లోంచి నీ ఈల వినిపిస్తుంది. రెండు వేళ్ళు పెట్టుకుని వేస్తావు చూడు, అది. అలాంటిది ఊళ్ళో ఇంకెవరికీ రాదుగా. కోచ్ చెట్ కూడా నవ్వుతాడు, మీ అమ్మ ఎవరి పక్షమే అని." బెర్ని గ్లాసులోకి చూస్తూ మాట మెత్తబరిచింది. "నాకేం లేదులే అమ్మా. కానీ శనివారం ఆఖరాట కదా. ఆ తర్వాత నేనీ లీగులో ఆడే వయసు దాటిపోతాను. ఆ ఒక్కరోజూ వేయకుండా ఉండగలవా?"

లోరెట్టాకి ముందు నవ్వొచ్చింది. సింకు పట్టుకుని, ఒళ్ళంతా ఊగిపోయేట్టు నవ్వింది. బెర్ని కూడా నవ్వింది, పాలు ముక్కులోకి పోయి దగ్గింది. ఆ నవ్వు సగంలోనే లోరెట్టా ఆపేసింది. పంట్లాం మళ్ళీ అందుకుని, ఇందాక శుభ్రమైన మోకాలినే ఇంకోసారి రుద్దడం మొదలుపెట్టింది.

ఎందుకంటే ఆ పిల్ల చెప్పింది నిజం. మైదానం పక్కన తిండి కొట్టు కట్టిన రోజు ఆమె మొగుడు ఎమిల్, చెట్, ఇంకో నలుగురు మగవాళ్ళు మిల్లు పారేసిన చెక్కలు మోసుకొచ్చి, బీరు తాగుతూ, పాటలు పాడుతూ ఒక్క ఆదివారంలో నిలబెట్టేశారు. కిటికీ ఎటు పెట్టాలన్న మాట వచ్చినప్పుడు కార్లు ఆగే వైపు అన్నారు. గిరాకీ దిగేది అక్కడే కదా అన్నారు. ఆట వైపు పెడితే వరసలో నిలబడినవాళ్ళు చూసేవాళ్ళకి అడ్డం అన్నారు. ఎంత చక్కటి ఆలోచన అని వీపులు తట్టుకున్నారు. లోపల నిలబడే మనిషికి ఏం కనిపిస్తుందన్న ముక్క ఒక్కరికీ తోచలేదు, అప్పుడు సాండ్‌విచ్‌లు పంచిపెడుతున్న లోరెట్టాకి కూడా తోచలేదు. అదే ఇప్పుడు మండుతోంది ఆమెకి. ఆ రోజు నుంచి ఆమె ఆటకి వీపు తిప్పి నిలబడింది. ముందర కార్లు, చేతులు, చిల్లర, ఆవపచ్చడి అడిగే ముఖాలు. వెనక చెక్కగోడ, గోడకవతల ఆట. గోడలోంచి వచ్చే చప్పుళ్ళతో ఆట నేర్చుకుంది. పెద్దవాళ్ళు మగపిల్లలిద్దరూ ఆడిన రోజుల్లో ఆ లెక్క సరిపోయింది, వాళ్ళు కొట్టేవాళ్ళు గనక. టక్కుమంటే మనవాడే, హోరుమంటే మనవాడికే, ఉల్లిపాయలు వేయించే గరిటె కింద పడేసి రెండు వేళ్ళు నోట్లో పెట్టుకోవడమే. వాళ్ళు ఎదిగి, పెళ్ళాల్ని తెచ్చుకుని వెళ్ళిపోయారు. బెర్ని వచ్చింది. బెర్ని కొట్టే పిల్ల కాదు, వేసే పిల్ల. వేసే పిల్లకి మంచి జరిగితే ఏ చప్పుడు వస్తుందో లోరెట్టాకి ఎవరూ చెప్పలేదు. అసలు తెలియదని ఆమెకే తెలియదు. కన్నకూతురు దెబ్బతిన్న ప్రతిసారీ ఊరంతా వినేట్టు పండగ చేసుకుంది.

ఇంతకీ ఆ లీగు నడిపేదెవరని ఎవర్నడిగినా ఎమిల్ హుదాక్ అంటారు. అధ్యక్షుడు. టోపీ మీద కూడా రాసుంటుంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఎమిల్ చెడ్డవాడు కాదు. మిల్లు మూసేశాక ఊళ్ళో మగవాళ్ళు సగం మంది మొహాలు వేలాడేసుకుని కూర్చుంటే, అతను మైదానానికి వెళ్ళి గడ్డి కోశాడు. గొంతు పెద్దది, మనసూ పెద్దదే. కానీ ఏ జట్టు ఏ రోజు ఏ వేళకి ఆడాలో కలెండరు ముందు కూర్చుని కుదిర్చేది లోరెట్టా. వాన పడితే అందరిళ్ళకీ ఫోన్లు చేసేది లోరెట్టా. గీతలు గీసే సున్నం పొడి తెప్పించేది, అంపైర్ని బతిమాలేది, మా వాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టారేమని వచ్చిన తండ్రికి కాఫీ పోసి చల్లార్చేది లోరెట్టా. పొద్దుట బడి వంటింట్లో కిటికీ ముందు పళ్ళాలు అందించే ఉద్యోగం. సాయంత్రం ఇక్కడ ఇంకో కిటికీ. "లోరెట్టా అంటే రెండు చేతులూ ఒక చిరునవ్వూ" అని బడి పెద్దాయన ఒకసారి వీడ్కోలు సభలో అంటే అందరూ చప్పట్లు కొట్టారు. తనూ కొట్టింది. ఇంటికొచ్చే దారిలో బస్సులో కూర్చున్నాక, మరి మిగతా నేను ఎక్కడికి పోయానబ్బా అనుకుంది.

రాత్రి భోజనాల దగ్గర మాట బయటపెట్టింది.

"ఎమిల్, శనివారం నేను కిటికీలో ఉండను. చెక్కమెట్ల మీద కూర్చుని ఆట చూస్తాను."

ఎమిల్ క్యాబేజీ నూడుల్స్ ఫోర్కుకి చుట్టుకుంటూ నవ్వాడు. "చూసేదేముంది లోరీ? ఇంటికొచ్చాక నేను చెప్పనూ?"

చెప్తాడు. ఆ మాటా నిజమే. ప్రతి ఆట తర్వాతా చెప్తాడు. అంపైరు తప్పు పిలిచాడు, అప్పుడు నేను లేచాను, ఇరు పక్షాల్నీ కూర్చోబెట్టాను, అంటాడు. ఎమిల్ చెప్పే ఆటల్లో ఎప్పుడూ ఎమిల్ ఆడేవాడు. పిల్లలు దూరంగా ఎక్కడో దుమ్ములో తిరుగుతూ ఉండేవారు.

"నువ్వు చెప్పేది వద్దు. నేను చూస్తాను."

"మరి కిటికీ?"

"అధ్యక్షుడివి నువ్వు కదా. ఎవర్నైనా పెట్టు."

ఎమిల్ కూతురి వైపు చూశాడు, ఇదేదో వేళాకోళం, నువ్వైనా చెప్పు అన్నట్టు. బెర్ని తలొంచుకుని నూడుల్స్ లెక్కపెట్టుకుంటోంది. దాని చెవులు మాత్రం ఎర్రబడ్డాయి, సంతోషం వస్తే దానికంతే.

మర్నాడు శుక్రవారం. శుక్రవారం అంటే పీరోగీలు. అత్తగారు ఒల్గా తెల్లారకముందే బంగాళదుంపలు ఉడకేసేది. పక్కింటి కార్మెలా వచ్చేది. ఆవిడ ఇటలీ వాళ్ళ పిల్ల, అయినా ఒల్గా దగ్గర పీరోగీలు ఒత్తడం నేర్చుకుని గురువుని మించిపోయింది. లోరెట్టా బడి నుంచి వచ్చాక ముగ్గురూ బల్ల చుట్టూ నిలబడి, పిండి పలచగా వత్తి, గుండ్రంగా కోసి, దుంపముద్ద పెట్టి, మడిచి, అంచులు నొక్కేవాళ్ళు. లీగుకి సగం ఆదాయం ఆ పీరోగీలదే. శనివారం ఆట చూడ్డానికి వస్తున్నామని చెప్పి పీరోగీలు తినడానికి వచ్చేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు.

విషయం అప్పటికే ఒల్గా చెవిన పడింది. చేతులు ఆపకుండానే అందుకుంది.

"ఏమ్మా మహారాణీ, రేపు మెట్ల మీద కూర్చుంటావట. గొడుగు కూడా ఎవరినైనా పట్టమంటావా?"

"ఎండగా ఉంటే పట్టమంటానమ్మా," అంది లోరెట్టా.

కార్మెలా పిండి చేత్తోనే నోరు మూసుకుని నవ్వింది.

"నవ్వు, నువ్వూ నవ్వు. అరవై మంది తిండి కోసం కిటికీ ముందు నిలబడితే వాళ్ళకి ఎమిల్ పెడతాడా? వాడికి కోడిగుడ్డు ఉడకబెట్టడం రాదు. నీళ్ళు పొయ్యకుండా పొయ్యి మీద పెడతాడు. నేను కన్నాను, నాకు తెలియదూ?"

"నేర్పలేదేమమ్మా మరి?" అంది లోరెట్టా.

ఒల్గా పీరోగీ అంచు నొక్కుతున్నది నొక్కుతూనే ఉండిపోయింది. కాస్త ఎక్కువసేపే నొక్కింది. దుంప బయటికొచ్చింది.

"ఆ రోజుల్లో కొట్టు లేదు," అంది చివరికి, స్వరం మార్చి. "చర్చి నేలమాళిగలో వండేవాళ్ళం. వండి గంపలతో పంపేవాళ్ళం. మైదానం వీధి చివరే. కేకలు వినిపించేవి. వీడు ఆడిన ఏళ్ళన్నీ నేను ఆ నేలమాళిగలోనే ఉన్నాను."

"ఒక్కటీ చూడలేదా?" కార్మెలా అడిగింది.

"ఎవరు పంపారు? మామగారు అనేవాడు, ఆటకేం, మగాళ్ళు చూస్తున్నారుగా, గిన్నె మాడుతుంది పో అని."

"మరి ఆ నది దాకా కొట్టిన బంతి?" అంది లోరెట్టా. ఎమిల్ పదకొండో ఏట కొట్టిన బంతి కంచె దాటి, రైలు పట్టాలు దాటి నదిలో పడిందన్నది ఆ ఇంట్లో ప్రతి క్రిస్మస్‌కీ చెప్పుకునే కథ. ఏటా ఆ నది ఇంకొంచెం దూరం జరిగేది.

ఒల్గా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఆ బంతి నదిలో పడిందో, కంచె పక్క గుంటలో పడిందో ఆ దేవుడికే తెలియాలి. నేను మాత్రం చూళ్ళేదు."

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అంతే, ఇక ఆపుకోలేకపోయారు. కార్మెలా బల్ల మీద వాలిపోయింది. ఒల్గా ఏప్రానుతో కళ్ళు తుడుచుకుంది, మొహమంతా పిండి అయింది. తుడుచుకుని, పాడైన పీరోగీని తీసి నోట్లో వేసుకుని, నములుతూ అంది.

"గొడుగు నేను తెస్తాలే. ఎండ నాకు పడదు."

శనివారం పొద్దున ఎమిల్ చాలా హుషారుగా బయల్దేరాడు. కొట్టు పని ఎంతపని, మిల్లులో కొలిమి నడిపినవాణ్ణి అన్నాడు. ముందు మైదానంలో గీతలు గీయాలి. సున్నం పొడి ఎక్కడుందో లోరెట్టాని అడిగితే చెప్పేదే. పనిముట్ల గదిలో ఎలకలకి అందకుండా పై అటక మీద పెట్టింది. కానీ అడగడానికి ఎమిల్‌కి మొహం చెల్లలేదు. భార్య లేకుండా నడుపుతానన్న రోజునే భార్యని అడుగుతాడా? కొట్టు మూలన తెల్లటి పొడి బస్తా కనిపించింది. తెల్లగా ఉంది, మెత్తగా ఉంది. గీతల బండిలో పోసుకుని, కొట్టేవాడు నిలబడే ఇంటి పలక నుంచి రెండు వైపులా కంచె దాకా తిన్నగా, అందంగా గీసేశాడు. ఎప్పుడూ లేనంత తెల్లగా వచ్చాయని చెట్‌తో గొప్పలు కూడా పోయాడు.

అది ఆదివారం అట్లకోసం తెచ్చిపెట్టిన పిండి.

ఆట మొదలవబోతుండగా చిన్న జల్లు పడింది. పట్టుమని పది నిమిషాలు కూడా లేదు, ఎండ మళ్ళీ వచ్చేసింది. చెక్కమెట్ల మీద మూడో వరసలో, నల్లగొడుగు కింద, ఒల్గా, లోరెట్టా పక్కపక్కన కూర్చున్నారు. కార్మెలా మాటిచ్చినట్టు కొట్లో ఎమిల్‌కి సాయానికి నిలబడింది. కాసేపే. జల్లు ఆగేలోగా ఏప్రాను విప్పి చంకలో పెట్టుకుని మెట్లెక్కి వచ్చేసింది.

"నిన్నెవరు రమ్మన్నారే?" అంది ఒల్గా.

"ఆయన నన్ను 'ఏమ్మా, ఉల్లిపాయలు తొక్క తీసి వేయించాలా, తీయకుండానా' అని అడిగాడు. నా గుండె ఆగిపోయేట్టుంది. జరగండి."

ఇంకో ఇద్దరు తల్లులు, మోరన్ జట్టు వాళ్ళే, రోజూ కూల్‌డ్రింకులు అందించేవాళ్ళు, వాళ్ళూ వచ్చి కూర్చున్నారు. ఇక ఆ వరసంతా ఆడవాళ్ళే. కొట్టు వైపు నుంచి మాడు వాసన సన్నగా మొదలైంది.

లోరెట్టాకి అవేవీ పట్టలేదు. ఆమె మైదానం చూస్తోంది. అది అంత పచ్చగా ఉంటుందని ఆమెకి తెలియదు. పొద్దుట సున్నం పోసేప్పుడూ, సాయంత్రం చెత్త ఏరేప్పుడూ ఎన్నోసార్లు నడిచిన నేలే. పిల్లలు నిలబడితే వేరేగా ఉంది. మధ్యలో దిబ్బ మీద బెర్ని. ఇంట్లో కుర్చీలో ఒక కాలు మడిచి నలుగురి చోటు ఆక్రమించుకుని కూర్చునే పిల్ల, ఇక్కడ కొవ్వొత్తిలా నిటారుగా ఉంది. టోపీ కిందికి లాగింది. ఎడమకాలు ఎత్తింది. ఆ పొడుగు కాళ్ళు ఎందుకున్నాయో, అన్ని పంట్లాలు ఎందుకు పొట్టివైపోయాయో లోరెట్టాకి ఆ క్షణంలో అర్థమైంది. ఒళ్ళంతా విల్లులా వంగి, విడిచింది. బంతి కనిపించలేదు. కొట్టేవాడి వెనకాల కూర్చున్న పిల్లవాడి గ్లవ్‌లో దబ్ అని ఒక చప్పుడు. చిన్నది, మెత్తటిది, దిండు మీద గుద్దినట్టు. అంపైరు చెయ్యెత్తాడు.

"అదా!" అంది లోరెట్టా పైకే.

ఆ చప్పుడు గోడలోంచి వచ్చేది కాదు. వచ్చినా ఉల్లిపాయల చుర్రులో కలిసిపోయేది. ఇన్నాళ్ళూ కూతురు గెలుస్తున్నప్పుడల్లా ఆ కొట్లోకి నిశ్శబ్దమే వచ్చింది. ఇవాళేమిటో చప్పుడు లేదు, ఆట చప్పగా ఉన్నట్టుందని తను అనుకున్న సాయంత్రాలన్నీ, అవే అయి ఉంటాయి, బెర్ని అందర్నీ కట్టిపడేసిన సాయంత్రాలు. అనుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ అవి ఏడుపు నీళ్ళు కావు. ఏడవడానికి తీరిక ఎక్కడుంది, బెర్ని మళ్ళీ కాలెత్తుతోంది.

రెండో వంతు ఆటలో మోరన్ పిల్లవాడొకడు, పొట్టిగా బలంగా ఉన్నవాడు, టక్కుమని కొట్టాడు. బంతి ఆకాశంలోకి లేచింది. జనం హోరుమన్నారు. బెర్ని బంతి వైపు చూడలేదు. అలవాటు కొద్దీ తిండి కొట్టు వైపు తిరిగి, భుజాలు బిగించి, ఈల కోసం ఎదురుచూసింది. ఈల రాలేదు. అప్పుడు తల తిప్పి చెక్కమెట్లు వెతికింది. నల్లగొడుగు కింద రెండు చేతులూ ఒళ్ళో కట్టేసినట్టు పెట్టుకుని, పెదాలు గట్టిగా బిగించుకుని కూర్చున్న తల్లి కనిపించింది. బెర్ని నవ్వింది. దిబ్బ మీద నిలబడి, బంతి కంచెకి తగిలి దొర్లుతుండగా, పళ్ళన్నీ కనిపించేట్టు నవ్వింది. చూసేవాళ్ళు ఈ పిల్లకేమైనా మతి పోయిందా అనుకుని ఉంటారు.

తర్వాతి పిల్లవాడికి మూడు బంతులు వేసింది. దబ్. దబ్. దబ్. వాడు గాలిని కొట్టి వెళ్ళిపోయాడు.

లోరెట్టా రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుంది. ఆ ఈలకి ముందు వరసలో పెద్దాయన టోపీ జారిపోయింది. ఒల్గా చెవులు మూసుకుని, "నా చెవి, నా చెవి పోయిందే, ఇంకోసారి వెయ్యి" అంది.

ఇలా ఉండగా కొట్టు దగ్గర పెద్ద వరస పెరిగింది. జనం లోరెట్టా దగ్గరికి రావడం మొదలుపెట్టారు, అలవాటు మరి.

"లోరెట్టా, మరుగుదొడ్డి తాళం ఎవరి దగ్గరుంది?"

"అధ్యక్షుణ్ణి అడగండి."

"లోరెట్టా, అంపైరు తాగడానికి నీళ్ళు కావాలంటున్నాడు."

"అధ్యక్షుణ్ణి అడగండి."

అధ్యక్షుడే వచ్చాడు. ఏప్రాను వెనక ముడి పడక ముందుకి వేలాడుతోంది. చొక్కా నిండా ఆవపచ్చడి. కనుబొమ్మ ఒకటి కొంచెం కాలింది.

"లోరీ, పీరోగీలు నూనెలో వెయ్యాలా, వెన్నలోనా? ముందు ఉడకెయ్యాలా?"

లోరెట్టా మైదానం మీంచి చూపు తిప్పకుండా, "అధ్యక్షుణ్ణి అడుగు" అంది.

"నేనే కదా అధ్యక్షుణ్ణి!"

"అయితే నీకు తెలిసే ఉంటుంది."

వరసలో ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. ఒల్గా గొడుగు మొనతో కొడుకు పొట్ట మీద ఒక్క పోటు పొడిచింది. "ఒరేయ్, అడ్డం తప్పుకో. పిల్ల బంతి వేస్తోంది. ముందు ఉడకెయ్యి, తర్వాత వెన్న, తర్వాత ఉల్లిపాయలు. తొక్క తీసి."

ఎమిల్ తప్పుకున్నాడు. పోతూ పోతూ మైదానం వైపు ఒకసారి చూశాడు. ఆ చూపు లోరెట్టా గమనించింది. కొట్లో నిలబడ్డవాడికి ఏమీ కనిపించదని అతనికీ తెలిసిపోయినట్టుంది, ఆగి రెండు బంతులు చూసి గానీ కదల్లేదు. ఇంతలో వరసలోంచి ఎవరో "ఎమిల్, హాట్‌డాగ్ నిప్పంటుకుంది" అని కేకేశారు.

ఆఖరి వంతుకి పెట్రాక్ జట్టు ఒక పరుగు ముందుంది. మోరన్ వాళ్ళు ఇద్దరు ఔటయ్యారు, ఇద్దరు ఇంకా పరుగు పూర్తికాక మధ్యలో నిలబడి ఉన్నారు. ఇంకొక్కడు ఔటైతే అయిపోయినట్టే. అప్పుడు దిగాయి పావురాలు. మూతపడ్డ మిల్లు కప్పు మీద కాపురముండే పావురాలు. జల్లుకి తడిసి, ఎండకి ఆరి, చిన్న చిన్న అట్టుముక్కల్లా అయిన తెల్లగీతని అవి ఎప్పటినుంచి చూస్తున్నాయో ఏమో, కుడివైపు గీత పొడుగునా బారుగా వాలి విందు మొదలుపెట్టాయి. గీత తరిగిపోతూ వచ్చింది. అక్కడ కాపలా నిలబడ్డ వాల్టర్ అనే కళ్ళజోడు పిల్లవాడు నోరు తెరుచుకుని వాటినే చూస్తున్నాడు. బెర్ని వేసింది. మోరన్ పిల్లవాడు కొట్టాడు. మరీ గట్టి దెబ్బేమీ కాదు, మెల్లగా గాల్లో తేలుతూ సరిగ్గా వాల్టర్ మీదికే వచ్చింది.

"వాల్టర్!" అని ఊరంతా అరిచింది.

వాల్టర్ తలెత్తేసరికి బంతి అతని పక్కన పావురాల మధ్య పడింది. పావురాలన్నీ ఒక్కసారిగా లేచాయి. ఆ రెక్కల దుమారంలో వాల్టర్‌కి బంతీ కనిపించలేదు, ఎవరికీ వాల్టరూ కనిపించలేదు. మధ్యలో నిలబడి ఉన్న ఇద్దరూ నింపాదిగా పరిగెత్తుకుంటూ ఇంటి పలక చేరిపోయారు, రెండు పరుగులు. మోరన్ వాళ్ళు గెలిచారు.

వాల్టర్ కళ్ళజోడు తీసి ఏడవబోతున్నాడు. బెర్ని దిబ్బ దిగి అంత దూరం నడిచి వెళ్ళి, నేల మీంచి ఒక తెల్లటి ముక్క ఏరి, వాసన చూసింది. కొంచెం కొరికింది.

"నాన్నా!" అని అరిచింది మైదానం అవతలి నుంచి. "ఇది అట్లపిండి!"

ఆ నవ్వు ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. మోరన్ పిల్లలు నేల మీద దొర్లారు. అంపైరు ముసుగు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. వాల్టర్ కూడా వెక్కిళ్ళ మధ్యే నవ్వేశాడు. బెర్ని వాణ్ణి భుజాల మీద చెయ్యేసి తీసుకొస్తోంది. ఓడిపోయిన పిల్లలా లేదు అది. తల్లి వైపు చూసి టోపీ ఎత్తింది.

మా ఊళ్ళో ఒక అలవాటుంది. ఆఖరాట అయిపోగానే ఇంటికి పోరు. పెద్దవాళ్ళంతా దిబ్బ చుట్టూ చేరి, వచ్చే ఏటికి లీగు అధ్యక్షుడెవరో చేతులెత్తి తేలుస్తారు. మైదానంలో ఎవరుంటే వాళ్ళే ఎత్తుతారు. ఆడవాళ్ళు ఎత్తకూడదని ఎవరూ ఏనాడూ అనలేదు. ఆ వేళకి వాళ్ళు పెనాలు తోముతూ ఉండేవాళ్ళు, అంతే. ఏటా చెట్ 'ఎమిల్' అనేవాడు, చేతులు లేచేవి, కొట్లోకి ఒక హోరు వినిపించేది. ఆ హోరుకీ లోరెట్టా ఈల వేసేది.

ఈసారి చెక్కమెట్ల మీంచి ఆడవాళ్ళంతా దిగి వచ్చి దిబ్బ చుట్టూ నిలబడ్డారు. గోడకి ఇవతల నిలబడి ఆ మనుషుల్ని చూస్తుంటే లోరెట్టాకి ఒక సంగతి తట్టింది. ఇందులో ఏ ఇంటికి ఏ నంబరుకి ఫోన్ చెయ్యాలో, ఏ తండ్రికి ఎప్పుడు కోపమొస్తుందో, ఏ పిల్లకి ఎండ పడదో అంతా తనకి తెలుసు. ఇంత తెలిసిన మనిషి ఇన్నేళ్ళూ, ఆయనకి సాయం చేస్తున్నాను అనుకుంది. ఆ మాట తనకెవరూ చెప్పలేదు, తనే చెప్పుకుంది. పొద్దుటినుంచి ఒళ్ళంతా తేలిగ్గా ఉంది. ఎండ వీపు మీద పడుతోంది, వెచ్చగా, హాయిగా.

చెట్ గొంతు సవరించుకున్నాడు. "ఎప్పటిలాగే మన ఎమి..."

"లోరెట్టా హుదాక్," అంది లోరెట్టా.

అందరూ తిరిగి చూశారు. ఆమెకే వింతగా ఉంది. కిటికీలోంచి ఆ ఊళ్ళో అందరి పేర్లూ అరిచింది, ఎవరి హాట్‌డాగ్ తయారైతే వాళ్ళ పేరు. తన పేరు అంత గట్టిగా తన నోటితో ఎప్పుడూ అనలేదు.

"నువ్వా?" అన్నాడు చెట్. "మరి ఎమిల్..."

"చెట్, ఎమిల్ చేతి పీరోగీలు నువ్వు తిన్నావా? చివరి పళ్ళెం బాగానే వచ్చింది," అంది ఒల్గా. అని, తన చెయ్యి ఎత్తింది. మోకాళ్ళ నొప్పులు, భుజం నొప్పి అని రోజూ మూలిగే మనిషి, చేతిని గొడుగుతో సహా ఆకాశంలోకి ఎత్తింది. కార్మెలా ఎత్తింది. మోరన్ జట్టు తల్లులు ఎత్తారు. వాల్టర్ తండ్రి ఎత్తాడు. అట్లపిండి గుర్తొచ్చిందేమో, మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు నవ్వుకుంటూ ఎత్తారు. చెట్ తల గోక్కోవడానికి ఎత్తిన చెయ్యి అలాగే పైకి పోనిచ్చాడు.

ఎమిల్ మిగిలాడు. ఆవపచ్చడి చొక్కా, కాలిన కనుబొమ్మ, చేతిలో ఇంకా గరిటె. భార్యని చూశాడు. చాలాసేపు, కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. "నువ్వు ఈల వేస్తుంటే గోడవతల నాకు వినపడింది లోరీ," అన్నాడు మెల్లగా. "ఏం జరిగిందో తెలియక చచ్చాను." అని గరిటె చేతినే ఎత్తాడు.

బెర్ని వేసిన ఈల తల్లి ఈలంత గట్టిగా రాలేదు గానీ, పావురాలు మాత్రం మళ్ళీ లేచాయి.

చేతులింక దించబోతున్నారు. లోరెట్టా దిబ్బ ఎక్కింది.

"దించకండి," అంది కొత్త అధ్యక్షురాలు. "ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి నా వెనకే రండి. లోపల గిన్నెలు కడగాలి."